ప్రేక్షకుడిగా మొదలైన మహాదర్శకుడు

సత్యజిత్ రే అనగానే మనకు ఆస్కారు, భారతరత్న గుర్తుకొస్తాయి. ఆయనా మనలాగే నెల జీతం మీద బతికిన ఉద్యోగి అనీ, ఖాళీ వేళల్లో సినిమాలు చూసే ఆ విద్య నేర్చారనీ కొందరికే తెలుసు.

రే 1921 మే 2న కలకత్తాలో జన్మించారు. తండ్రి, ప్రసిద్ధ రచయిత సుకుమార్ రే 1923లో కాలం చేయగా తల్లి కష్టపడి పెంచారు. 1943లో ఒక బ్రిటిష్ ప్రకటనల కంపెనీలో చిత్రకారునిగా చేరారు. జీతం నెలకు 80 రూపాయలు.

మంచి విదేశీ చిత్రాలు మామూలు హాళ్లలో అరుదుగా ఆడే రోజులవి. అందుకే 1947లో చిదానంద దాస్‌గుప్తా మొదలైన మిత్రులతో కలిసి కలకత్తా ఫిల్మ్ సొసైటీ స్థాపించారు. సభ్యులు చిత్రం చూసి, ఇంటికి పోకుండా చర్చించేవారు.

1950లో కంపెనీ ఆయనను లండన్ పంపింది. పగలు ఆఫీసు, సాయంత్రం సినిమా. కొద్ది నెలల్లో సుమారు వంద చిత్రాలు చూశారు. వాటిలో ఇటలీ చిత్రం 'బైసికిల్ థీవ్స్' ఆయన దారి మార్చింది. సైకిలు పోతే ఉద్యోగమే పోయే పేదవాని కథ అది. పేరున్న తారలు లేకుండా రోము వీధుల్లో తీశారు. తిరుగు ప్రయాణంలో ఓడలోనే రే 'పథేర్ పాంచాలి' రూపకల్పన మొదలుపెట్టారు.

నిర్మాతలు దొరకలేదు. ఉద్యోగం మానకుండా, 1952 అక్టోబరులో సెలవు రోజున రెల్లుపూల మధ్య షూటింగు ఆరంభించారు. మళ్లీ వెళ్లేసరికి పశువులు పూలన్నీ మేసేశాయి. మిగతా దృశ్యానికి ఏడాది ఆగారు. బీమా పాలసీ మీద అప్పు తెచ్చారు, భార్య నగలు తాకట్టు పెట్టారు. చివరికి బెంగాలు ప్రభుత్వం ఆదుకుంది. పేరులో దారి ఉంది గనుక ఆ ఖర్చును రోడ్ల పద్దు కింద చూపారంటారు. పద్దులు రాసిన మనకు ఆ గుమాస్తా అవస్థ తెలియనిదా!

చిత్రం 1955లో విడుదలై, 1956లో కాన్ ఉత్సవంలో బహుమతి పొందింది. రే 1992 ఏప్రిల్ 23న కన్నుమూశారు.

1970లలో నేను ఆ చిత్రాన్ని ఆదివారం ఉదయం ఆటకు చూశాను. హాల్లో పట్టుమని యాభైమంది లేరు. అప్పుడు నా కళ్లన్నీ రైలు కోసం పరుగెత్తే పిల్లల మీదే. డెబ్బై దాటాక మళ్లీ చూస్తే, మాట పడి మూట పట్టుకొని గడప దాటే ముసలి ఇందిర్ మనసులో నిలిచిపోయింది. ఆ పాత్ర వేసిన చునీబాలా దేవి విడుదలకు ముందే మరణించారు.

మిత్రులారా, ఈసారి మీ పిల్లలను, మనవలను పక్కన కూర్చోబెట్టుకొని చూడండి.