ఉన్మాదరోగుల మాట నాలకించిన వైద్యురాలు: ఫ్రీడా ఫ్రోమ్ రైఖ్మాన్

దేహమునకు రోగము వచ్చినచో బంధువులు చుట్టును జేరుదురు. మనస్సునకు రోగము వచ్చినచో ఆ బంధువులే మెల్లమెల్లగా తొలగిపోవుదురు. లేని కంఠములను విని, లేని శత్రువులకు భయపడి, తనలో తాను మాటలాడుకొను వానికి పిచ్చివాడని పేరు పెట్టి, వాని మాటలకు అర్థము లేదని నిశ్చయించి, తలుపు మూసివేయుట అనేక దేశములందు చిరకాలము జరిగిన పని. ఆ మూసిన తలుపునకు వెలుపల గాక లోపల, రోగి ప్రక్కన కూర్చుండి, ఆ మాటలకు అర్థము గలదని నమ్మి, ఒకే చికిత్సాలయమున ఇరువదిరెండేండ్లు పాటుపడిన వైద్యురాలి చరిత్రము ఇందు సంగ్రహముగా చెప్పబడుచున్నది. ఆమెయే ఫ్రీడా ఫ్రోమ్ రైఖ్మాన్.

ఫ్రీడా 1889వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీన జర్మనీ దేశములోని కార్ల్స్రూహె పట్టణమున, నిష్ఠాపరులైన యూదుల కుటుంబమున జన్మించెను. తల్లిదండ్రులకు కలిగిన ముగ్గురు కుమార్తెలలో ఆమె జ్యేష్ఠురాలు. తూర్పు ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గు నగరమున ఆమె పెరిగెను. ఆ నగరమే నేడు రష్యా దేశమున కలినిన్‌గ్రాడ్ అను పేర నున్నది. తల్లి విద్యయందు మిక్కిలి మక్కువ గలది. తండ్రికి వినికిడి లోపము సంక్రమించెను. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. ఏలయన వంశమున నున్న ఆ లోపము కుమార్తెను గూడ కడపటి దినములలో వెదకికొనుచు వచ్చెను.

ఆ కాలమున ప్రష్యా రాజ్యమున స్త్రీలకు విశ్వవిద్యాలయ ప్రవేశము లేకుండెను. 1908వ సంవత్సరమున ఆ ద్వారములు తెఱవబడెను. అట్లు ప్రవేశించిన తొలితరము విద్యార్థినులలో ఫ్రీడా యొకతె. ఆమె వైద్యశాస్త్రమును స్వీకరించి, మొదటి ప్రపంచ సంగ్రామము ఆరంభమగునాటికి వైద్యురాలై యుండెను. యుద్ధమున తలకు గుండ్లు తగిలి మెదడు దెబ్బతినిన సైనికులను చికిత్స చేయు బాధ్యత ఆమె కప్పగింపబడెను. వారిలో కొందఱు మాటలు మఱచిరి; కొందఱు తెలిసిన పనినే చేయలేక హఠాత్తుగా భీతిల్లి వివశులగుచుండిరి. ఆ భయము మొండితనము గాదనియు, తన లోకము తన చేతిలోనుండి జారిపోవుచుండగా మనుజునికి కలుగు ఘోరమైన దిగులనియు ఆమె గ్రహించెను. తరువాత ఉన్మాదరోగుల కన్నులలో అదే భయమును చూచినపుడు ఆమెకది క్రొత్తది గాకుండెను.

యుద్ధానంతరము ఆమె ఫ్రాంక్‌ఫర్టులో కర్ట్ గోల్డ్‌స్టయిన్ అను మెదడు శాస్త్రవేత్త యొద్దను, పిదప డ్రెస్డెన్ సమీపమున నొక ఆరోగ్యాశ్రమమునందును పనిచేసెను. బెర్లినులో సిగ్మండ్ ఫ్రాయిడు స్థాపించిన మనోవిశ్లేషణ పద్ధతిని అభ్యసించెను. 1924లో హైడెల్‌బర్గు పట్టణమున స్వంత చికిత్సాలయమును తెఱచెను. 1926లో ఎరిక్ ఫ్రోమ్ అను పండితుని వివాహమాడెను. ఆయన తనకంటె పదియేండ్లు చిన్నవాడు. తరువాత గ్రంథకర్తగా లోకప్రసిద్ధి గాంచినవాడు. కొన్ని యేండ్లకే ఆ దంపతులు వేఱుపడిరి. అయినను స్నేహము తెగలేదు.

1933లో హిట్లరు అధికారమునకు రాగా యూదులకు జర్మనీలో నిలువ నీడ లేకపోయెను. ఫ్రీడా సరిహద్దు దాటి ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గు చేరెను. అచ్చటనుండి పాలస్తీనాకును, తుదకు 1935లో అమెరికాకును వెళ్లెను. అప్పటికే అమెరికాలో నుండిన ఎరిక్ ఫ్రోమ్ ఆమెకు తోడ్పడెను. నలుబదియైదేండ్ల వయస్సున, పరభాషలో, పరదేశమున ఆమె జీవితమును మఱల మొదటినుండి ఆరంభింపవలసి వచ్చెను.

వాషింగ్టను నగరమునకు చేరువను, మేరీలాండు రాష్ట్రమున రాక్‌విల్ అను చిన్న పట్టణము గలదు. అచ్చట 1889లో, అనగా ఫ్రీడా పుట్టిన యేటనే, కట్టబడిన యొక పెద్ద హోటలు 1910లో మానసిక చికిత్సాలయముగా మార్చబడి చెస్ట్‌నట్ లాడ్జి యను పేరు వహించెను. దాని యధిపతియైన డెక్స్టర్ బుల్లార్డ్ వేసవిలో రెండు మాసముల పనికై ఫ్రీడాను నియమించెను. రెండు మాసములకు వచ్చిన యామె మరణించువఱకు అచ్చటనే యుండెను. మరుసటి సంవత్సరము ఆవరణములోనే ఆమెకొక కుటీరము కట్టించి యిచ్చిరి. అదే ఆమెకు ఇల్లు. అదే రోగులను చూచు గది. అదే శిష్యులకు పాఠశాల.

ఆనాటి వైద్యమెట్టిదో తెలిసినగాని ఈమె చేసిన పని యెంత సాహసమో బోధపడదు. పెద్ద పిచ్చియాస్పత్రులలో వేలకొలది రోగులు ఏండ్ల తరబడి మూలుగుచుండిరి. ఇన్సులిను సూదిమందుచే రోగిని స్మృతి తప్పించుట 1930ల నాటి క్రొత్త పద్ధతి. విద్యుచ్ఛక్తితో కంపము కలిగించు చికిత్స 1938లో పుట్టెను. మెదడులోని నరములను కోయు శస్త్రచికిత్స గూడ ఆ దశాబ్దముననే వ్యాపింపసాగెను. స్కిజోఫ్రీనియా యను తీవ్రమైన ఉన్మాదమునకు లోనైన రోగికి వైద్యునితో ఎట్టి అనుబంధమును కలుగదనియు, కావున మాటలచే చికిత్స నిష్ఫలమనియు ఫ్రాయిడు అభిప్రాయపడి యుండెను. ఫ్రాయిడును గురువుగా భావించిన ఫ్రీడా ఈ యొక్క విషయమున గురువుతో ఏకీభవింపలేదు. రోగికి అనుబంధము లేకపోవుట గాదు, అది మిక్కిలి తీవ్రముగా నుండుటయు, దానితోపాటు మనుజులన్న అపనమ్మకము గూడ నుండుటయే చిక్కని ఆమె చెప్పెను.

ఆమె పద్ధతి చూచుటకు సులభము, చేయుటకు దుష్కరము. రోగికి కేటాయించిన సమయమునకు తప్పక పోవలెను. అతడు మాటలాడినను, మాటలాడకున్నను, తిట్టినను, ఆ కాలమంతయు అతనిదే. అర్థము గాని మాటను అర్థమైనట్లు నటింపరాదు, తెలియలేదని యొప్పుకొనవలెను. వైద్యుడు పొరపాటు చేసినచో దానిని దాచరాదు. తనకు కలుగు భయమును, విసుగును వైద్యుడు తానే గుర్తింపవలెను. లేనిచో రోగి వానిని ముందుగా గుర్తించును. అన్నిటికంటె ముఖ్యమైనది వినుట. ఇతరుని మాటను తన కోరికలతోను, తన గొప్పతనముతోను కలగలుపక వినగలుగుటయే వైద్యుని మొదటి యర్హతయని ఆమె బోధించెను.

ఆమె తన వ్యాసమున వ్రాసిన యొక వృత్తాంతము చాలును. ఒక యువతి మాటయు కదలికయు ఉడిగి, శిలవలె పడియుండెను. ఆమె యెంతటి దుఃఖములో నున్నదో ఫ్రీడా ప్రశ్నించెను. ఆ యువతి నోరు మెదపలేదు. చేయి పైకెత్తి, బొటనవ్రేలిని నిలిపి, తక్కిన నాలుగు వ్రేళ్లను లోపలికి ముడిచి చూపెను. చూచిన ఫ్రీడా క్షణమాత్రము యోచించి, ఇంతటి యొంటరితనమా యని మెల్లగా అడిగెను. వెంటనే ఆ యువతి ముఖమున బిగువు సడలెను. ముడిచిన వ్రేళ్లు విచ్చుకొనెను. అప్పటినుండి ఆమె మొదట వ్రేళ్లతోను, తరువాత మాటలతోను తన సంగతి తెలుపసాగి, క్రమముగా ఆ మౌనమునుండి వెలికి వచ్చెను. ఆ యొక్క వ్రేలిని చదువుటకు కావలసినది శాస్త్రజ్ఞానము మాత్రమే గాదు; ఎదుటనున్నది మనిషియే యను స్థిరమైన నమ్మకము.

ఫ్రీడా తన విద్యను తనలోనే దాచుకొనలేదు. చెస్ట్‌నట్ లాడ్జిలో యువవైద్యులు తాము చికిత్స చేయు రోగుల సంగతులను ఆమె యెదుట విప్పి చెప్పి సలహాలు పొందుచుండిరి. హారీ స్టాక్ సల్లివన్ అను ప్రసిద్ధ వైద్యుడు 1942 మొదలు 1946 వఱకు అచ్చట ఉపన్యాసము లిచ్చెను. ఆయన యామెకు సహచరుడును, గురువును. 1943లో న్యూయార్కున వైద్యులకు శిక్షణ నిచ్చు విలియం అలన్సన్ వైట్ విద్యాసంస్థ నెలకొల్పినవారిలో ఈ యిరువురును గలరు. 1950లో ఆమె గాఢమైన మానసిక చికిత్సా సూత్రములను గూర్చి యొక గ్రంథము ప్రకటించి, దానిని తన గురువులైన ఫ్రాయిడు, గోల్డ్‌స్టయిన్, గ్రోడెక్, సల్లివన్ అను నలుగురికి అంకితమొనర్చెను. శిష్యులు ఆ గ్రంథమును చేతబట్టి రోగుల గదులకు వెళ్లిరి.

శిష్యుల యెదుట తన యభిప్రాయములను దిద్దుకొనుటకు గూడ ఆమె వెనుదీయలేదు. మొదట ఉన్మాదరోగులు మిక్కిలి సుకుమారులనియు, వారిని పసిబిడ్డలవలె అతిజాగ్రత్తతో చూడవలెననియు 1939లో వ్రాసెను. అనుభవము పెరిగినకొలది ఆ మాట మార్చుకొనెను. రోగిలో బాధపడు శిశువే గాక ఎదిగిన మనిషియు గలడనియు, అతిలాలన ఆ యెదిగిన మనిషిని అవమానించుటయే యనియు తరువాతి వ్యాసములందు తెలిపెను.

అయితే ఒక దోషమును మాత్రము చెప్పక విడువరాదు. 1948లో వ్రాసిన వ్యాసమున ఆమె, బిడ్డను ప్రేమతో చేరదీయని తల్లి ప్రవర్తన ఈ వ్యాధికి కారణమను భావము వచ్చునట్లొక పదమును ప్రయోగించెను. ఆ పదము ఆమె తలచినదానికంటె దూరము పోయెను. అనేక సంవత్సరములు రోగుల తల్లులు, బిడ్డ వ్యాధితో ఒక దుఃఖమును, వైద్యుల నిందతో ఇంకొక దుఃఖమును మోసిరి. వంశపారంపర్యమును, మెదడు పెరుగుదలలోని భేదములును, మఱి యనేక హేతువులును కలిసి ఈ వ్యాధిని కలిగించుననియు, తల్లి పెంపకమే దీనిని పుట్టించునను మాటకు ఆధారము లేదనియు తరువాతి పరిశోధనలు తేల్చెను. రోగి మాటను అంత యోర్పుతో విన్న యామె, తలుపు వెలుపల నిలిచిన తల్లి మాటను అంతగా వినలేదు. గొప్పవారి చరిత్రమున ఇట్టివి దాచుట వారికి గౌరవము గాదు.

1948లోనే జోయాన్ గ్రీన్‌బర్గ్ అను పదునారేండ్ల బాలిక చెస్ట్‌నట్ లాడ్జికి తేబడెను. ఆమె తనలో తానొక లోకమును కల్పించుకొని, దానికొక భాషను గూడ నేర్పఱచుకొని, అందు చిక్కుకొని యుండెను. ఫ్రీడా ఆ లోకమును బలాత్కారముగా పడగొట్టలేదు. ఆ బాలికతోపాటు దాని వాకిట నిలిచి, ఈవలి లోకమున నడచుటకు ఆమెకు ధైర్యము చెప్పుచు వచ్చెను. ఆ బాలిక స్వస్థురాలై, విద్య ముగించి, గృహిణియై, రచయిత్రియయ్యెను. 1964లో తన యనుభవమును నవలగా వ్రాసి ప్రకటింపగా దానిని లక్షలకొలది జనులు చదివిరి. 1977లో అది చలనచిత్రమయ్యెను. అందలి వైద్యురాలు ఫ్రీడాయే. ఆ బాలికకు కలిగిన వ్యాధి స్కిజోఫ్రీనియాయా, వేఱొకటియా యని తరువాతి వైద్యులు వాదించిరి. వ్యాధి పేరేదైనను, ఆమె లేచి నడచుట సత్యము.

తుది సంవత్సరములలో తండ్రికి వచ్చిన చెవుడు ఫ్రీడాకును వచ్చెను. వినుటనే వృత్తిగా పెట్టుకొన్నదానికి వినికిడి తగ్గుట యెంతటి దుఃఖము! 1955-56లో ఆమె కాలిఫోర్నియాలోని యొక పరిశోధన కేంద్రమున గడపుచు, భాషాశాస్త్రజ్ఞులను, మానవశాస్త్రజ్ఞులను కూడగట్టి, రోగి మాటయే గాక స్వరము, చూపు, కదలిక ఏమి తెలుపునో పరిశీలింప నారంభించెను. తాను అంతఃస్ఫూర్తిచే చేయుపని ఇతరులకు నేర్పదగిన విద్య కావలెనని ఆమె కోరిక. ఆ కాలముననే ఒంటరితనమును గూర్చి వ్యాసము వ్రాసెను. అది ఆమె మరణానంతరము 1959లో అచ్చుపడెను. 1957 ఏప్రిలు 28వ తేదీన, అఱువదియేడవ యేట, ఆమె తన కుటీరముననే కన్నుమూసెను.

1954లో అమెరికాలో వాడుకకు వచ్చిన క్లోర్‌ప్రోమజీన్ అను మందుతో ఉన్మాద చికిత్స మాఱిపోయెను. మాటలొక్కటే ఈ వ్యాధిని నయము చేయజాలవని, మందుల యావశ్యకత గలదని తరువాతి కాలము నిరూపించెను. 1984లో చెస్ట్‌నట్ లాడ్జి పూర్వరోగులను గూర్చి వెలువడిన పరిశోధనయందు, స్కిజోఫ్రీనియా రోగులలో అధికసంఖ్యాకులకు ఫలితములు ఆశించినంతగా లేవని తేలెను. 2001లో ఆ చికిత్సాలయము మూతపడెను. 2009లో దాని ప్రధాన భవనము అగ్నికి ఆహుతి యయ్యెను. ఫ్రీడా కుటీరము మాత్రము మిగిలెను.

మిగిలినది కుటీరము మాత్రమే గాదు. మందు కంఠముల ఘోషను తగ్గించును. కాని భయపడిన మనిషి తిరిగి మనుజులను నమ్ముటకు ఎవరో యొకరు ప్రక్కన కూర్చుండవలెను. నేడు మందుతోపాటు మాటలచే చికిత్స చేయుటయు, దానిని యువవైద్యులకు నేర్పుటయు అనేక దేశములందు జరుగుచున్నవి. ఆ బాటను మొదట త్రొక్కిన కొలదిమందిలో ఫ్రీడా యొకతె.

బాలబాలికలారా! మీలో అందఱును వైద్యులు కాకపోవచ్చును. కాని వీథిలో తనలో తాను మాటలాడుకొను వానిని చూచి నవ్వుటయో, రాయి విసరుటయో, నవ్వువారిని ఆపుటయో మీ చేతిలోనే యున్నది. తల్లిదండ్రులారా! ఇంట నొకరికి ఇట్టి వ్యాధి కలిగినచో అది యెవరి పాపమును గాదు. దాచుటకు మాఱుగా వైద్యుని యొద్దకు త్వరగా గొనిపోవుటయే ధర్మము. అర్థము లేదని మనము త్రోసివేయు మాటలో ఒక మనిషి దాగియుండునని ఫ్రీడా తన జీవితముచే చూపెను. ఆ మనిషి కొఱకు కొంతసేపు చెవియొగ్గుట మన మందఱమును చేయగల పని.