కార్ల్ మేయర్ మహాశయుని చరిత్రము

రోగుల బాధను పోగొట్టిన మందుల పేర్లు లోకమున నెల్లరకును తెలియును. ఆ మందులు శరీరములో ఏ దారిని పోవునో, ఎచ్చట అడ్డగింపబడునో తెలిసికొనుటకు మూలమైన పరిశోధనలు చేసినవారి పేర్లు అంతగా తెలియవు. జీవరసాయన శాస్త్రమున ప్రసిద్ధి గాంచిన కార్ల్ మేయర్ మహాశయుడు అట్టివారిలో నొకడు. మన పాఠశాల బాలురు శరీరశాస్త్ర పాఠములలో ఎముకలను గూర్చియు, కండరములను గూర్చియు, నరములను గూర్చియు చదువుదురు గాని, వాని నడుమ నిండియున్న జిగురును గూర్చి చదువరు. ఆ జిగురును మొదట వేరుచేసి దానికి నామకరణము చేసినవాడీయనయే. కావున ఈయన చరిత్రమును, ఆ జిగురు చరిత్రమును కలిపి చెప్పదలచితిమి.

మేయర్ 1899వ సంవత్సరమున జర్మనీ దేశములో కొలోన్ నగరమునకు సమీపముననున్న కెర్పెన్ అను చిన్న యూర జన్మించెను. మొదటి ప్రపంచ యుద్ధము జరుగుచుండగా 1917లో ఆయనను సైన్యమున చేర్చుకొనిరి. యుద్ధము ముగిసిన పిమ్మట ఆయన కొలోన్ విశ్వవిద్యాలయమున వైద్యము చదివి 1924లో పట్టము పొందెను. కాని రోగులను చూచు వృత్తి యందు ఆయన మనస్సు నిలువలేదు. బెర్లిన్ నగరమునకు పోయి రసాయనశాస్త్రమును అభ్యసించి 1927లో ఆ శాస్త్రమునందును డాక్టరు పట్టము సంపాదించెను. పిదప స్విట్జర్లాండునందలి జూరిచ్ నగరమున కొంతకాలము పనిచేసి, హెర్బర్ట్ ఎవాన్స్ అను శాస్త్రజ్ఞుని ఆహ్వానముపై అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమునకు వెడలెను.

ఇంతలో 1933లో జర్మనీ ప్రభుత్వము నాజీల చేతిలో పడెను. యూదులైన పండితులను, తమకు లొంగని పండితులను విద్యాలయములనుండి వెళ్లగొట్టుట ఆరంభమయ్యెను. మేయర్ స్వదేశమునకు మరలిపోలేదు. న్యూయార్కు నగరమందలి కొలంబియా విశ్వవిద్యాలయపు వైద్యకళాశాలలో, నేత్రవైద్య శాఖయందు ఆయనకు స్థానము దొరకెను. రసాయనశాస్త్రజ్ఞునకు కంటి ఆసుపత్రిలో పని యేమని చదువరులకు తోచవచ్చును. పరదేశమున దొరకిన చోటునే ఆయన తన పరిశోధనకు క్షేత్రముగా చేసికొనెను.

అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1922లో కన్నీటియందు లైసోజైము అను ఎంజైమును కనిపెట్టియుండెను. అది కొన్ని సూక్ష్మజీవులను కరగించును. అది కరగించు పదార్థ మెట్టిదో తెలిసికొనవలెనని మేయర్ పూనుకొనెను. కంటిగ్రుడ్డులో నిండియున్న స్వచ్ఛమైన ముద్ద అంత చిక్కగా నుండుటకు కారణము అట్టి పదార్థమే కావచ్చునని ఊహించి, ఎద్దుల కన్నులనుండి ఆ ముద్దను తీసి శోధించెను. 1934లో జాన్ పామర్ అను సహాయునితో గూడి అందుండి ఒక క్రొత్త పదార్థమును వేరుచేసెను. అది లైసోజైమునకు లొంగునది కాదు. వెదకిన దొకటి, దొరకిన దింకొకటి! గ్రీకు భాషలో హ్యాలోస్ అనగా గాజు. కంటిలోని ముద్ద గాజువలె నుండును గనుకను, అందు యురోనిక్ ఆమ్లము గలదు గనుకను, ఆ రెండు మాటలు కలిపి హైలురోనిక్ ఆమ్లము అని పేరు పెట్టెను. నేటి శాస్త్రజ్ఞులు దానిని హైలురోనాన్ అందురు.

ఆ పదార్థపు నిర్మాణము పూర్తిగా తేలుటకు మరి ఇరువది యేండ్లు పట్టెను. రెండు విధములైన చక్కెరలు ఒకదాని తరువాత నొకటిగా, వేలకొలది పూసలు గ్రుచ్చిన దండవలె కూర్చబడియుండునని బెర్నార్డ్ వైస్‌మన్‌తో గూడి మేయర్ 1954లో నిరూపించెను. ఈ లోపల అది కంటిలోనే గాక బొడ్డుతాడునందును, కీళ్ళలోని రసమందును, చర్మమందును కలదని తెలిసెను. డెబ్బది కిలోల బరువుగల మనుష్యుని శరీరములో అది సుమారు 15 గ్రాములుండును; అందు మూడవవంతు దినదినము విరిగి మరల క్రొత్తగా పుట్టుచుండును. నీటిని పీల్చి ఉబ్బుట దాని స్వభావము. మన కీళ్ళు ఒరసికొనకుండ కదలుటకు అదియు నొక కారణము.

ఈ జిగురును విరుగగొట్టు ఎంజైము వేరొకటి కలదు. దాని పేరు హైలురోనిడేజ్. పాము విషమునందును తేనెటీగ విషమునందును అది యుండును. కాటుపడిన చోట కణముల నడుమనున్న జిగురును కరగించి విషము త్వరగా వ్యాపించుటకు దారి చేయును. పొలముగట్లపై నడచు మనవారికి ఆ వ్యాపించుట ఎట్టిదో వేరుగ చెప్ప నక్కరలేదు. పెనిసిలిన్ విషయమున కీర్తి గాంచిన ఎర్నెస్ట్ చెయిన్, డథీ అను మరియొక శాస్త్రజ్ఞునితో గూడి 1940లో ఈ సంగతిని స్పష్టపరచెను.

ఇక రాచపుండు అనబడు కాన్సరు సంగతి. కోళ్ళకు వచ్చు ఒక జాతి కణుతులలో ఈ జిగురు కలదని 1939 నాటికే కబాట్ అను శాస్త్రజ్ఞుడు చూపెను. అప్పుడది వింత సంగతి మాత్రమే. పిమ్మట మనుష్యుల కణుతులలోను, విశేషముగా క్లోమమున పుట్టు కాన్సరులో, ఇది మితిమీరి పేరుకొనునని తేలెను. నీరు పీల్చి ఉబ్బిన జిగురు సన్నని రక్తనాళములను నొక్కివేయును. నాళము మూసికొనగా రక్తముతో రావలసిన మందు కణుతిలోనికి చేరదు. అంతేకాక కణముల పైపొరనుండు సీడీ44 అను ప్రోటీను ఈ జిగురును పట్టుకొనునని 1990లో కనుగొనిరి. ఆ పట్టువలన కాన్సరు కణము పెరుగుటకును, చోటు మారుటకును ప్రేరణ కలుగును.

మేయర్ మహాశయుడు ఆ 1990లోనే తన తొంబదవ యేట మరణించెను. అంతకు పూర్వము 1956లో ఆయనకు లాస్కర్ బహుమానము లభించెను. 1967లో అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తు ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. ఆ యేడే కొలంబియాను విడిచి యెషీవా విశ్వవిద్యాలయమున చేరి పరిశోధన సాగించెను. తాను కంటినుండి తీసిన పదార్థము మరల కంటికే ఉపకరించుటను ఆయన జీవించియుండగనే చూడగలిగెను. ఎండ్రె బాలాజ్ అను శాస్త్రజ్ఞుడు కోడిపుంజు జుట్టునుండి దానిని నిర్మలముగా తీయు విధానమును కనిపెట్టగా, 1980 ప్రాంతమునుండి శుక్లములను తీయు శస్త్రచికిత్సలో కంటి లోపలి భాగములు ఒరసికొని చెడకుండ దానిని వాడుచున్నారు. మన అవ్వతాతలలో ఎందరి చూపునకో అది తోడ్పడినది.

కాన్సరు విషయమున మాత్రము కథ అంత సుగమముగా నడువలేదు. 2012లో అమెరికాలోని సియాటిల్ నగర శాస్త్రజ్ఞులు క్లోమపు కాన్సరుగల చుంచెలుకలకు హైలురోనిడేజ్ ఎక్కించి చూచిరి. జిగురు కరగెను, మూసికొనిన నాళములు తెరచుకొనెను, మందు లోనికి చేరెను, ఎలుకల ఆయువు పెరిగెను. ఎల్లరకును గొప్ప ఆశ కలిగెను. పిమ్మట ఈ జిగురు ఎక్కువగా గల 494 మంది రోగులపై పరీక్ష జరిపిరి. ఎంజైము కలిపి ఇచ్చినవారిలో కణుతి తగ్గినవారి సంఖ్య కొంత హెచ్చెనుగాని ఆయువు పెరుగలేదు. ఆ వర్గమున సగటున 11.2 నెలలు, ఎంజైము లేనివారిలో 11.5 నెలలు. వేరు మందులతో కలిపి చేసిన ఇంకొక పరీక్షలో ఎంజైము పొందినవారే త్వరగా మరణించిరి. 2019లో ఆ ప్రయత్నమును విరమించిరి.

ఎలుకలలో ఫలించినది మనుష్యులలో ఏల ఫలింపలేదు? కణుతి చుట్టునున్న గోడ ఒక్క జిగురుతో కట్టినది కాదనియు, దానిని కూల్చిన మాత్రమున కణుతి లొంగదనియు కొందరి అభిప్రాయము. మాకును అది సమంజసముగనే తోచుచున్నది. అదియుగాక ఈ జిగురు దండ పొడుగుగా నున్నప్పుడు శాంతముగ నుండి, విరిగి ముక్కలైనప్పుడు వాపును రేపునది. తూర్పు ఆఫ్రికాలో నేలలోపల బొరియలలో నివసించు రోమములేని యెలుక జాతికి కాన్సరు మిక్కిలి అరుదు. దాని శరీరమున ఈ దండ మనుష్యులదానికంటె అయిదింతలకు మించి పొడుగని 2013లో రోచెస్టరు నగర శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

అయినను ఆ ఎంజైము వ్యర్థము కాలేదు. రొమ్ము కాన్సరునకిచ్చు ట్రాస్టుజుమాబ్ అను మందును పూర్వము నరములోనికి బొట్టుబొట్టుగా అరగంటనుండి గంటన్నరవరకు ఎక్కించెడివారు. దానిలో హైలురోనిడేజ్ కలిపినచో చర్మము క్రింది జిగురు కొంతసేపు సడలి మందునకు చోటిచ్చును. రెండు రోజులలో ఆ జిగురు మరల ఊరును. ఇప్పుడు అనేక దేశములలో ఆ మందును తొడపై సూదితో అయిదు నిమిషములలో ఇచ్చి రోగిని ఇంటికి పంపుచున్నారు.