దృశ్యశిల్పి కె.వి. రెడ్డి

సినిమాలో కథ చెప్పేవి మాటలు మాత్రమే కావు. పాత్ర నిలుచున్న చోటు, దానిపై పడే వెలుగు, ధరించిన దుస్తులు, చేతిలోని వస్తువు కూడ కథ చెబుతాయి. ఈ సంగతి బాగా ఎరిగిన తెలుగు దర్శకులలో కదిరి వెంకటరెడ్డి అగ్రగణ్యులు. ఆయనే కె.వి. రెడ్డిగా ప్రసిద్ధులు.

ఆయన 1912లో అనంతపురం జిల్లా తాడిపత్రి ప్రాంతంలో జన్మించారు. మద్రాసులో పట్టభద్రులైన తరువాత వాహినీ సంస్థలో చిత్రనిర్మాణ వ్యవహారాలు చూశారు. ‘భక్త పోతన’తో దర్శకులయ్యారు. ‘యోగి వేమన’ (1947), ‘పాతాళభైరవి’ (1951) చిత్రాలు ఆయన కీర్తిని పెంచాయి. ఏ సన్నివేశం ఎంతసేపు నడవాలో ముందుగానే గడియారం పెట్టి లెక్క చూసుకోవడం ఆయన అలవాటు.

మద్రాసులోని విజయా సంస్థ నిర్మించిన ‘మాయాబజార్’ 1957లో విడుదలైంది. తన కుమార్తె శశిరేఖను అభిమన్యునికిస్తానన్న బలరాముడు, పాండవులు రాజ్యం కోల్పోగానే మనసు మార్చుకుంటాడు. అయితే ఈ చిత్రంలో పాండవులు ఒక్కసారైనా కనిపించరు. పుట్టింట ఆదరణ కరవైన సుభద్రను చూసినప్పుడే వారి కష్టమెంతటిదో మనకు తెలుస్తుంది.

ఇందులో ప్రియదర్శిని అనే పేటిక ఉంది. తెరిచినవారికి అది వారి మనసులోని ప్రియమైన రూపాన్ని చూపుతుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరామునికి దుర్యోధనుడు కనిపిస్తారు. శ్రీకృష్ణునికి మాత్రం శకుని కనిపిస్తాడు! ప్రేక్షకులు నవ్వుతారు, కృష్ణుని ఆలోచన ఎవరి చుట్టూ తిరుగుతున్నదో కూడ గ్రహిస్తారు. పుటల కొద్దీ సంభాషణలు చెప్పవలసిన విషయాన్ని ఒక్క చిన్న పెట్టె చెప్పింది.

నౌకావిహార దృశ్యంలోని వెన్నెల ఛాయాగ్రాహకులు మార్కస్ బార్‌ట్లే నేర్పుతో సృష్టించినది. ఆ చల్లని వెలుగులో యువ ప్రేమికులూ, పెద్దవారైన దంపతులూ ఒకే అనురాగంలో తేలిపోతున్నట్లు తోస్తుంది. గోఖలే, కళాధర్‌ల కళాదర్శకత్వం ద్వారకకు వైభవాన్నిచ్చింది. పెండ్లివారి విడిదిలో కంబళి, మంచం కూడ కౌరవపక్షాన్ని ఆటపట్టిస్తాయి. వారి గర్వభంగానికి ఆయుధాలు అవసరం కాలేదు.

ఎందరి నైపుణ్యాన్నో ఒకే కథకు లోబరచడం కె.వి. రెడ్డి గొప్పతనం. తరువాతి చిత్రాలన్నిటికీ ఇంతటి ఆదరణ లభించలేదు. అయినా ఆయన కృషి మానలేదు. 1971లో ‘శ్రీకృష్ణసత్య’ను అందించి, 1972 సెప్టెంబరు 15న కన్నుమూశారు.

‘మాయాబజార్’ 2010లో రంగులు దిద్దుకొని మళ్లీ విడుదలైంది. ఆ పేటికలో ఎవరికి ఎవరు కనిపించారో, ఎందుకు కనిపించారో ఆలోచించిన విద్యార్థికి, చూడడం కూడ చదవడం వంటిదేనని బోధపడుతుంది.