ఒంటి లోపలి జబ్బును కంటికి చూపించిన రాంట్‌జెన్

2021లో కరోనా రెండో వేవ్‌లో బ్లాక్ ఫంగస్ పేరు వింటేనే షుగర్ పేషెంట్లున్న ఇళ్లు వణికిపోయాయి. ముక్కులో మొదలైన ఫంగస్ కంటిదాకా పాకిందా, మెదడుకు చేరిందా అనేది పైనుంచి చూస్తే తెలియదు. తడ నుంచి తిరుపతికో, చెన్నైకో తీసుకెళ్తే డాక్టర్లు స్కానింగ్ రాసేది అందుకే. ఒంటిని కోయకుండా లోపల చూసే ఈ దారిని మొదట తెరిచింది విల్‌హెల్మ్ రాంట్‌జెన్.

ఆయన 1845 మార్చి 27న జర్మనీలోని లెనెప్‌లో పుట్టారు. తండ్రిది బట్టల వ్యాపారం. చిన్నప్పుడే కుటుంబం హాలెండ్‌కు మారింది. అక్కడ టీచర్‌ను ఎగతాళి చేస్తూ వేరే కుర్రాడు గీసిన బొమ్మను ఆయన మీద వేసి స్కూలు నుంచి పంపించేశారు. చేతిలో సర్టిఫికెట్ లేదు. అయినా జ్యూరిక్ పాలిటెక్నిక్‌లో సీటు సంపాదించి, 1869లో డాక్టరేట్ తీసుకున్నారు.

1895 నవంబర్ 8న వుర్జ్‌బర్గ్ యూనివర్సిటీలో కరెంటు పంపిన గాజు గొట్టానికి నల్ల అట్ట కప్పి పరిశోధన చేస్తున్నారు. కొంచెం దూరంలో ఉన్న రసాయనం పూసిన తెర మెరిసింది. అట్టను దాటి వెళ్తున్న ఆ కిరణాలేమిటో తెలియక ఎక్స్ అని పేరు పెట్టారు. డిసెంబర్ 22న భార్య బెర్తా చేతిని ఫొటో తీస్తే ఎముకలు, వేలి ఉంగరం కనిపించాయి.

1901లో ఫిజిక్స్‌లో మొట్టమొదటి నోబెల్ ఆయనకే దక్కింది. ఆ డబ్బు యూనివర్సిటీకి ఇచ్చేశారు. పేటెంట్ తీసుకుని ఉంటే కోట్లు వచ్చేవి. ఇది అందరికీ పనికిరావాలని తీసుకోలేదు. యుద్ధం తర్వాత ధరలు మండిపోయి, దాచుకున్నదీ కరిగిపోయింది. 1923 ఫిబ్రవరి 10న మ్యూనిక్‌లో పేగు క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఆ కిరణాలతోనే 1971లో ఇంగ్లండ్‌లో మొదటిసారి ఒక పేషెంట్ మెదడుకు సీటీ స్కాన్ తీశారు. బ్లాక్ ఫంగస్‌లో ఎముక ఎంతవరకు తినేసిందో సీటీ చూపిస్తుంది. కన్ను, మెదడు వైపు పాకిందేమో ఎమ్మారై బాగా చూపిస్తుంది. ఎమ్మారైలో ఎక్స్‌రేలు ఉండవు, అది అయస్కాంతంతో పనిచేస్తుంది. ఎంతవరకు కోసి తీయాలి, కన్ను దక్కుతుందా అన్నది ఈ ఫొటోలు చూసే సర్జన్లు ఆలోచిస్తారు. అయితే అది ఫంగసేనని ఖాయం చేసేది ముక్క తీసి చేసే బయాప్సీ పరీక్షే. అనుమానం గట్టిగా ఉంటే రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా యాంఫోటెరిసిన్ మందు మొదలుపెడతారు.

షుగర్ అదుపులో లేనివాళ్లకు, స్టెరాయిడ్లు వాడినవాళ్లకు ముఖం ఒకవైపు నొప్పి పుట్టినా, వాచినా, ముక్కు నుంచి నల్లగా కారినా, ఒకటి రెండుగా కనిపించినా, అంగిలి నల్లబడినా రేపు చూద్దాంలే అనుకోవద్దు. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాలి. ఎంత మంచి స్కానింగ్ అయినా ఆలస్యంగా తీస్తే, పోయిన చూపును వెనక్కి తేలేదు.