డోర్నకలు అజరయ్యగారు



మన తాండూరు, వికారాబాదుల మీదుగా పోవు రైలు మార్గమే సికింద్రాబాదు, కాజీపేటలను దాటి డోర్నకలునకు చేరును. సింగరేణి బొగ్గు గనుల వైపు లైను చీలునది అక్కడనే. ఆ చిన్న ఊరి పేరును లోకమందలి సంఘములన్నిటికి తెలియజేసినవాడు ఒక తమిళుడు. ఈ మాసము అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయమును ధ్యానించుచు మేము ఆయనను జ్ఞాపకము చేసికొనుచున్నాము. అంతియొకయ సంఘము ఉపవాసముండి ప్రార్థించి పంపినది ఎవరిని? తనలో ముఖ్యులైన బర్నబాను, సౌలును పంపెను.

వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి జిల్లాలో ఒక పల్లెయందు జన్మించిరి. తండ్రి గ్రామ గురువు. కుమారుడు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, పట్టా పుచ్చుకొనకయే 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శి యాయెను. 1898లో అన్బు మరియమ్మాళుగారిని వివాహమాడినప్పుడు కట్నము తీసికొనలేదు. పెండ్లికై పొలము తాకట్టు పెట్టువారు ఈ మాటను రెండుమారులు చదువవలెనని మా మనవి.

1902లో ఆయన జాఫ్నాకు వెళ్లిరి. అచ్చటి తమిళ క్రైస్తవులు తమ స్వంత కానుకలతో సువార్తికులను సముద్రము దాటించి మన దేశమునకు పంపుచుండిరి. తిరునల్వేలి సంఘమో అప్పటికే నూరేండ్లు దాటినది; వేలకొలది కుటుంబములు గలది; అయినను పరాయి సీమకు ఒక్కనినైన పంపియుండలేదు. ఈ సిగ్గు ఆయనను విడువలేదు. 1903 ఫిబ్రవరి 12న పాళయంకోటలో కొందరు మిత్రులతో కలిసి ఇండియన్ మిషనెరీ సొసైటీని స్థాపించిరి. కొన్ని దేశములలో ఆంగ్లికను గురువులు మఠములను, సన్న్యాసుల సమాజములను స్థాపించిరి. ఇది అట్టిది కాదు. పెండ్లాము బిడ్డలు గలవారే ఇల్లు విడిచి వెళ్లు సమాజమిది. పనివారు భారతీయులే, ధనము భారతీయులదే, నడిపింపు భారతీయులదే. దొరల సొమ్ము పుచ్చుకొనరాదని నియమము. 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపూరులో నేషనల్ మిషనెరీ సొసైటీ ఏర్పడుటకును ఆయన తోడ్పడిరి.

సొసైటీ ఎన్నుకొనిన పొలము నిజాము రాజ్యమందలి డోర్నకలు, మానుకోట ప్రాంతము. అది తెలుగు నేల. భాష వేరు, ఎండలు మెండు, పల్లెలు బీదవి. పంపువారు పట్టణములో కూర్చుండి చందాలు కూర్చవచ్చును, లెక్కలు వ్రాయవచ్చును. ఎవరును తప్పు పట్టరు. అజరయ్యగారికి అది చాలలేదు. ఇతరులను వెళ్లుమని చెప్పి తాను మద్రాసులో నిలుచుట ఎట్లు? 1909లో ఉద్యోగము విడిచి, గురువుగా అభిషేకము పొంది, ముప్పదియైదవ యేట భార్యాబిడ్డలతో డోర్నకలు చేరిరి. మన ఓనమాలు దిద్దుకొని, తెలుగులో ప్రసంగించుట నేర్చుకొనిరి.

1910లో ఎడిన్‌బరో మహాసభలో ఆయన దొరల యెదుట నిలిచి, మిషనెరీలు త్యాగము చేయుదురు గాని దేశీయ పనివారితో స్నేహము చేయరని మొగమాటము లేక చెప్పిరి. కొందరికి కోపము వచ్చెను. ఆయనను అధ్యక్షునిగా చేయవలెనని మద్రాసు బిషప్పు వైట్‌హెడ్‌గారు తలపెట్టినప్పుడు ఆటంకపరచినవారును ఉండిరి. అయినను 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము జరిగెను. ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయనే.

తరువాతి ముప్పది రెండేండ్లు ఎద్దుబండి మీదను, సైకిలు మీదను పల్లె పల్లె తిరిగిరి. ఎక్కువగా మాలలును మాదిగలును సంఘములో చేరిరి. వీరు ఒకరితో ఒకరు కూర్చుండుటకే ఒప్పుకొనని కాలమది. ఒకే బల్లయొద్దకు, ఒకే పాత్రయొద్దకు రమ్మని ఆయన పట్టుబట్టిరి. ఈ పట్టుదల మన దినములలో తీరిన పనియని ఎవరైన తలంచిన యెడల ఏ పల్లెకైనను పోయి చూడవచ్చును. బాప్తిస్మము పొందినవాడు తల మీద చేయి పెట్టుకొని, సువార్త చెప్పకుంటే తనకు శ్రమయని ఒప్పుకొనవలెను. అక్షరము రాని కూలివాడు కూడ సాక్షియే. వంట చేయునప్పుడు పిడికెడు బియ్యము దేవునికని తీసి ఉంచుట స్త్రీలకు నేర్పిరి. బీదలకు ఇచ్చుటే గాని వారియొద్ద అడుగరాదను తలంపు ఆయనకు లేదు. అడుగకుండుటే వారిని తక్కువ చేయుటయని మేమును ఎంచుచున్నాము.

బీదల మతాంతరమును గాంధీగారు ఆక్షేపించినప్పుడు అజరయ్యగారు ఒప్పుకొనలేదు. అంటరానివారనబడిన వారికిని తమ విశ్వాసమును తామే ఎన్నుకొను హక్కు కలదని ఆయన నిలిచిరి. అట్లని ప్రభుత్వమునొద్ద క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు కోరుటకును ఆయన సమ్మతింపలేదు. ఇరువైపుల వారికిని నచ్చని మార్గమది.

డోర్నకలు దేవాలయము పేదల కానుకలతో మెల్లగా లేచి 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. మసీదు గుమ్మటములును గుడి మంటపముల స్తంభములును అందులో కలిసి నిలుచును; మన సీమ పనివాని చేయి అందు కనబడును.

1919లో తరంగంబాడిలో మొదలైన సంఘైక్యత పనికై ఆయన కడవరకు పాటుపడిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను. మన ప్రాంతపు మెథడిస్టులు అందులో చేరలేదు. ఆ దినమును అజరయ్యగారు చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకలులోనే మరణించిరి. తిరునల్వేలికి తీసికొని పోలేదు. ఆ దేవాలయము ప్రక్కనే, తెలుగు మట్టిలో సమాధి చేసిరి.