జగదీశ చంద్ర బోసు

జగదీశ చంద్ర బోసు 1858లో వంగదేశమున జన్మించెను. తండ్రి ప్రభుత్వోద్యోగి యయ్యు, కుమారుని ఇంగ్లీషు బడికి బంపక, పేదల బిడ్డలు చదువుకొను వంగభాషా పాఠశాలకు బంపెను.

బోసు ఇంగ్లండులో విద్య ముగించి, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యుడయ్యెను. ఆ దినములలో తెల్లవారి జీతమున మూడింట రెండు వంతులే భారతీయుల కిచ్చుచుండిరి. ఆ యవమానమును సహింపక, ఇంట అప్పులున్నను బోసు మూడేండ్లు జీతము ముట్టక పాఠములు చెప్పెను. తుదకు అధికారులు పూర్తి జీతమును బకాయిలతో చెల్లించిరి. ఆ ధనముతో ఆయన తండ్రి ఋణములు తీర్చెను.

కళాశాలలో తగిన పరిశోధనాలయము లేదు. బోసు ఒక చిన్న గదిలో, రేకు పనివాని సాయముతో పరికరములు చేయించుకొని, అయిదు మిల్లీమీటర్ల పొడవుగల విద్యుదయస్కాంత తరంగములను పుట్టించెను. వీనిని నేడు సూక్ష్మతరంగములందురు. 1895లో కలకత్తా పురమందిరమున ఆయన పంపిన తరంగములు గోడలు దాటిపోయి గంటను మ్రోగించినవి. తరంగములను పసిగట్టుటకు గలీనా యను సీసపు ఖనిజ స్ఫటికమును వాడెను. అది అర్ధవాహకము. మిత్రుల ఒత్తిడిచే దానికి 1904లో అమెరికాలో పేటెంటు పొందెనే గాని, దానివలన ధనమార్జింప నెంచలేదు.

1917లో కలకత్తాలో బోసు విజ్ఞాన మందిరమును స్థాపించెను. 1937లో పరమపదించెను.

నేడు శాస్త్రజ్ఞులు సూక్ష్మతరంగముల వేడిమితో ద్రావణములను నిమిషములలో కాచి, కంటికి గానరాని అర్ధవాహక కణములను చేయుచున్నారు. నాడు ఆ చిన్న గదిలో కలిసిన తరంగమును, అర్ధవాహకమును నేటికిని కలిసి పనిచేయుచునే యున్నవి.