ఎడ్వర్డు చార్లెస్ హోవర్డు

నిజామాబాదు జిల్లాయందలి బోధనులో 1937వ సంవత్సరమున స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము, 2015లో మూతపడువఱకు, ఆ ప్రాంతపు చెఱకును చక్కెరగా మార్చుచుండెను. అందు పాకమును వండిన పాత్రలు పల్లెలలో బెల్లము వండు పెనములవంటివి కావు. బెల్లపు పెనము నోరు తెఱచుకొని యుండును. క్రింద చెఱకుపిప్పి భగభగ మండుచుండగా రసము పొంగి, నురుగుకట్టి, క్రమముగా చిక్కబడును. వండువాడు రెప్పపాటు ఏమఱినచో పాకము మాడి నల్లబడును. కర్మాగారపు పాత్ర అట్లుగాక అన్నివైపుల మూయబడి యుండును. దానిలోని గాలి చాలవఱకు తోడివేయబడి యుండును. పనివారు దానిని వాక్యూమ్ ప్యాన్ అని పిలుతురు. తక్కువ వేడికే పాకము అందు తెరలుచు, మాడకయే గట్టిపడును. ఈ పాత్రను కనిపెట్టినవాడు ఎడ్వర్డు చార్లెస్ హోవర్డు అను ఆంగ్లేయుడు. ఆకాశమునుండి రాళ్లు పడుననుటకు రసాయనశాస్త్రపు సాక్ష్యమును సమకూర్చినవాడును ఇతడే.

హోవర్డు 1774వ సంవత్సరము మే 28వ తేదీన షెఫీల్డు పట్టణ సమీపమున జన్మించెను. అతని వంశము గొప్పది; అతని అన్న పిదప నార్ఫోకు ప్రభువయ్యెను. కాని ఆ కుటుంబమువారు కాథలిక్కులు. ఆ కాలమున ఇంగ్లండులో కాథలిక్కులకు విశ్వవిద్యాలయ పట్టములును, ప్రభుత్వోద్యోగములును అందరానివై యుండెను. అందుచే ఎడ్వర్డు బాల్యముననే ఫ్రాన్సుకు పోయి డువే పట్టణమున విద్య నభ్యసించెను. స్వదేశమునకు వచ్చిన పిమ్మట రసాయనశాస్త్రమునందు మనసు నిలిపెను. 1799లో రాయల్ సొసైటీ అతనిని సభ్యునిగా చేర్చుకొనెను. మఱుసటి యేట అతడు పాదరసమునుండి మిక్కిలి తీవ్రముగ ప్రేలెడి యొక పదార్థమును తయారుచేసి కాప్లీ పతకమును పొందెను. ఆ ప్రయోగములలో ఒకసారి జరిగిన ప్రేలుడు అతనినే గాయపఱచెను. పతకము వచ్చినది గదా యని అతడు ఆ పనిలో ముందుకు పోలేదు. పరిశోధకునకు సాహసమెంత అవసరమో, ఎచ్చట ఆగవలెనో తెలియుటయు అంత అవసరమే కదా!

అప్పటికి విద్వాంసులలో ఒక వివాదము చెలరేగుచుండెను. ఆకాశమునుండి రాళ్లు పడినవని అచ్చటచ్చట రైతులు చెప్పుచుండిరి. పండితులు నవ్వుచుండిరి. లవోయిసియరువంటి మహాశాస్త్రజ్ఞుడు సయితము, 1768లో ఫ్రాన్సున పడినదని చెప్పబడిన రాతిని తోడివారితో కూడ పరీక్షించి, అది పిడుగు తగిలిన సామాన్య శిలయని తేల్చెను. ఇట్లుండగా 1798వ సంవత్సరము డిసెంబరు 19వ తేదీ రాత్రి కాశీనగరమునకు సుమారు 14 మైళ్ల దూరముననున్న క్రాఖూత్ గ్రామమున ఒక అగ్నిగోళము కానవచ్చెను. ఆకాశము నిర్మలముగానున్నను ఉఱుమువంటి ధ్వని వినబడెను. తెల్లవాఱిన పిదప గ్రామస్థులు పొలములలో రాళ్లను కనుగొనిరి. ఒక కావలివాని గుడిసె పైకప్పును చీల్చుకొని ఒక రాయి నేలలో దిగబడెను. ఆ రాళ్లలో కొన్ని లండను చేరి హోవర్డు చేతికి వచ్చెను.

హోవర్డు ఆ యొక్క రాతితో తృప్తిపడలేదు. యార్కుషైరున 1795లోను, ఇటలీలోని సియెనాలో 1794లోను, బొహీమియాలోని టాబోరులో 1753లోను పడిన రాళ్లను కూడ సంపాదించెను. పూర్వులు రాతినంతను ఒక్కటిగా నూఱి పరీక్షించిరి. హోవర్డు, బూర్నోను అను ఖనిజశాస్త్రజ్ఞుని సాయముతో, రాతి పైనుండు నల్లని పలుచని పెచ్చును, లోపలి గుండ్రని చిన్న గుళికలను, ఇనుప రేణువులను, మట్టివంటి పదార్థమును విడదీసి, వేఱువేఱుగా పరీక్షించెను. నాలుగు దేశముల రాళ్లును ఒకే పోలికతో నుండెను! అన్నింటిలోని ఇనుప రేణువులందును నికెల్ కలిసియుండెను. గనులనుండి తీసిన సామాన్యపు ఇనుమున నికెల్ ఇట్లు కలిసియుండదు. 1802లో హోవర్డు ఈ ఫలితములను ప్రకటించెను. ఆ రాళ్లు ఎచ్చటినుండి వచ్చినవో అతడు నిశ్చయించి చెప్పలేదు. పడినవన్నంతవఱకే అతని సాక్ష్యము. మఱుసటి యేట ఫ్రాన్సునందలి లేగ్ల్ పట్టణముకడ వేలకొలది రాళ్లు కురియగా, ఇక సందేహమునకు తావులేకపోయెను. కావలివాని మాటయే నిజమయ్యెను.

ఆ రాళ్లకు నల్లని పెచ్చు ఎట్లు కలిగినది? అవి వచ్చినది గాలిలేని రోదసినుండి. అచ్చట రాయి సెకనుకు పదికిలోమీటర్లకు మించిన వేగముతో పోవుచున్నను ఒరపిడి లేదు, ధ్వని లేదు, మంట లేదు. భూమికి సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున పలుచని గాలి తగులుటతోడనే దాని యెదుటి గాలి నొక్కబడి, మిక్కిలి వేడెక్కి, రాతి పైపొరను కరగించును. పోచంపాడుకడ గోదావరి తీరమున రాత్రివేళ నిలిచి చూచినచో, గీతవలె మెఱసి మాయమగు ఉల్కలు ఇట్లు గాలి తగిలి వెలిగినవే.

గాలికి బరువు కలదు. పోచంపాడు జలాశయమున లోతునకు పోయినకొలది నీరు ఎక్కువగా నొక్కును; అట్లే వాయుసముద్రపు అడుగున నివసించు మానవులను గాలి నొక్కుచుండును. ఆ ఒత్తిడి సుమారు 10 మీటర్ల లోతు నీటి ఒత్తిడికి సమానము. అనగా చదరపు మీటరునకు సుమారు 10 టన్నులు! ఈ బరువును ఎదిరించి ఆవిరి బుడగలు లేచినప్పుడే నీరు మరుగును. పైకి పోయినకొలది గాలి పలుచబడును, నీరు తక్కువ వేడికే మరుగును. ఎవరెస్టు శిఖరముపై సుమారు 70 డిగ్రీలే చాలును. సుమారు 19 కిలోమీటర్ల ఎత్తున మనుష్యుని శరీరమునందుండు వేడికే నీరు మరుగును. రోదసిలోనికి పోవువారు గాలి నింపిన గట్టి దుస్తులు ధరించుట ఇందులకే.

హోవర్డు ఈ ధర్మమును చక్కెర పనికి వినియోగించెను. అప్పటి లండను కర్మాగారములలో చక్కెరను తెఱపి పెనములలో నేరుగా నిప్పుమీద వండుచుండిరి. ఎంతో చక్కెర మాడి మడ్డిగా పోవుచుండెను. పాకము ఉడుకుటకు అంత వేడి ఎందుకు? పైనున్న గాలి బరువువలన. ఆ బరువును తీసివేసినచో? హోవర్డు రాగితో గుండ్రని మూతగల పాత్రను చేయించెను. చదునైన మూతయైనచో బయటి గాలి దానిని అణగద్రొక్కును. అడుగున రెండు పొరల నడుమ ఆవిరిని పంపి వేడిచేసెను. గాలిని, లేచిన ఆవిరిని పంపుతో తోడించెను. ఇక నొక చిక్కు మిగిలెను. పెనమువాడు పాకమును వ్రేళ్లతో సాగదీసి చూచును. మూసిన పాత్రలో వ్రేలు పెట్టుట యెట్లు? లోపలికి గాలి చొరనీయక కొంచెము పాకమును వెలుపలికి తెచ్చు ఒక కడ్డీని హోవర్డు అమర్చెను. 1812, 1813 సంవత్సరములలో ఈ పద్ధతులకు పేటెంటులు పొందెను. చక్కెర వర్తకులు అతనికి రుసుము చెల్లించి ఆ పాత్రను వాడసాగిరి.

ఆ ఫలమును అతడు చిరకాలము అనుభవింపలేదు. 1816వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన, 42 ఏండ్ల వయస్సున, లండనులో మరణించెను. అతని పాత్ర మాత్రము చెఱకు పండు దేశములన్నిటికిని వ్యాపించి, నూఱేండ్లకు పైబడిన పిదప మంజీరా జలములచే పండిన బోధను చెఱకును కూడ చక్కెరగా మార్చెను. ఆకాశమునుండి పడిన రాళ్లలో ఒక జాతికి జర్మను శాస్త్రజ్ఞుడు గుస్తావ్ రోజ్ హోవర్డైటు అని పేరిడెను. ఆ జాతి రాళ్లు అంగారక, గురుగ్రహముల నడుమ సూర్యుని చుట్టు తిరుగు వెస్టా అను చిన్న గ్రహమునుండి వచ్చినవని నేటి శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు.